పొద్దు గూకేలోగా

ఆ ఎండాకాలం మా నాన్న తన రాజ్యాన్ని పోగొట్టుకున్నాడు. రాజ్యమంటే మరీ పెద్దదనుకునేరు. వీధి చివర మూతబడిన పత్తి గోదాము, అందులో చెక్కపెట్టెలు పేర్చి కట్టిన స్టేజి, దాని మీద నిలబడే గుప్పెడు మనుషులం. అంతే. అయినా రాజ్యం చిన్నదైనంత మాత్రాన రాజు చిన్నవాడైపోడు కదా.

నాన్న ఉద్యోగమంతా పోస్టాఫీసులో పార్సిళ్ళ మీద ముద్రలు కొట్టడంతోనే గడిచింది. పగలంతా ముద్ర పట్టిన చెయ్యి సాయంత్రానికి కత్తి పట్టేది. నాటకం ఏదైనా రాజు వేషం ఆయనదే. అందుకని వీధిలో అందరూ ఆయన్ని రాజుగారనేవారు. కూరగాయలావిడ కూడా "రాజుగారికి లేతవి ఏరిపెట్టా" అంటూ నవ్వాపుకుని సంచీ అందించేది. అందులో వెటకారం ఆయనకు ఎప్పుడూ వినిపించలేదు. వినిపించనందుకు నాకు ఆయనంటే ముచ్చటేసేది.

ఉద్యోగం నుంచి దిగిపోయిన కొద్ది రోజులకే ఆయన సొంతంగా ఒక నాటకం రాశాడు. పాతకాలపు గ్రీకు పద్ధతిలో విషాద నాటకం. నేను బడిలో లెక్కలు చెబుతాను, అప్పుడు సెలవులు. కాబట్టి ఆ పాఠాలన్నీ వినే భాగ్యం నాకే దక్కింది.

"విషాదానికి గొప్పవాడు కావాలమ్మా," అనేవాడు టీ గ్లాసు ఊపుతూ. "అలాగని దేవుడంత మంచివాడు కాకూడదు, దొంగా కాకూడదు. ఒక్క తప్పు చేస్తాడు. అది వాడి మంచితనంలోంచే పుడుతుంది, అదీ కిటుకు. ఆ తప్పు ఎవరిదో ఊరందరికీ తెలుస్తూనే ఉంటుంది. చూసేవాళ్ళకీ తెలుసు. వాడొక్కడికే తెలియదు. తెలిసిన క్షణాన అంతా తలకిందులవుతుంది."

"అందరికీ తెలిసినప్పుడు ఒక్కరైనా చెప్పొచ్చు కదా?"

"చెప్పేస్తే నాటకం ఎక్కడిదే?"

"మరి వెనకాల ఆ కోరస్ గుంపు ఎందుకు? ఊరికే నిలబడ్డానికా?"

"చూడ్డానికి. భయపడ్డానికి. జాలిపడ్డానికి. అంతకుమించి ఒక్క అడుగు వెయ్యకూడదు. రాజు పోతుంటే గుంపు స్టేజి దిగి వెంట పోయిందనుకో, నాటకం అక్కడితో చెడింది."

నేను వేయబోయేది ఆ గుంపులో వేషమే. కాబట్టి నా ఉద్యోగ ధర్మం ఏమిటో ముందే తెలిసిపోయింది.

నాన్న కథ ఇదీ. శత్రువులు చుట్టుముట్టిన ఒక కోట. గాలివాన పూట ఎవడో బాటసారి తడిసి ముద్దై వచ్చి గోడలోని చిన్న తలుపు తడతాడు. కాపలావాళ్ళు తీసేది లేదంటారు. రాజే స్వయంగా వెళ్ళి గడియ తీసి, వాడిని లోపలికి తెచ్చి, తన దుప్పటి కప్పుతాడు. ఆ హడావిడిలో గడియ మళ్ళీ వేయడం మరిచిపోతాడు. ఆ తలుపులోంచే శత్రువులు దూరి సగం ఊరు తగలబెట్టిపోతారు. ఇదంతా ముందు జరిగిన సంగతి. నాటకం మొదలయ్యేసరికి రాజు బూడిదలో నిలబడి ఆజ్ఞ ఇస్తుంటాడు. సాయంత్రానికి వార్త తెచ్చేవాడు వచ్చి, గడియ వేయనిది ఎవరో చెబుతాడు. రాజు కిరీటం తీసి కింద పెట్టి, తన మాట ప్రకారం తానే ఊరు విడిచి పోతాడు.

నాటకానికంతటికీ ప్రాణం ఆ ఆజ్ఞ. ఇప్పటికీ నాకు నోటికొచ్చు: "ఆ గడియ మరిచినవాడు నా తమ్ముడైనా, నా బిడ్డైనా, నేనైనా, పొద్దు గూకేలోగా ఈ ఊరు విడిచి పోవాలి. ఒంటరిగా పోవాలి. ఎవరూ వెంట నడవకూడదు. ఎవరూ దారి చూపకూడదు."

పొద్దు సంగతి కూడా ఆయన ఉత్తినే రాయలేదు. గోదాముకు పడమటి వైపు లారీలు వచ్చి ఆగే పెద్ద రెండు రెక్కల తలుపుంది. జనం స్టేజి వైపు తిరిగి కూర్చుంటే ఆ తలుపు వాళ్ళ వెనక ఉంటుంది. చివర్లో రాజు స్టేజి దిగి, జనం మధ్యలోంచి నడిచి, ఆ తలుపులోంచి నిజం పొద్దులోకే వెళ్ళిపోవాలి. అందుకని నాటకం మధ్యాహ్నం దాటాక మొదలై సూర్యాస్తమయానికి పూర్తవ్వాలని లెక్క. ఆ లెక్క మాత్రం నా చేతే వేయించాడు.

గోదాములో పత్తి పోయి ఏళ్ళు గడిచినా దాని నూగు మాత్రం పోలేదు. ఎవరైనా గట్టిగా అడుగు వేస్తే చెక్కల సందుల్లోంచి లేచేది. రేకుల చిల్లుల్లోంచి పడే ఎండలో అది తేలుతూ, కిందికి దిగడం మరిచిపోయినట్టు అక్కడక్కడే తిరుగుతుండేది. దాన్ని చూస్తూ నిలబడితే ఏ మాట ఎవరిదో, గంట ఎంతయిందో తెలిసేది కాదు. ఆ ఎండాకాలాన్ని ఇప్పుడు తలుచుకున్నా నాకు ముందు ఆ నూగే కనిపిస్తుంది.

ఆ నూగులోనే నాన్న మొదటిసారి ఆగిపోయాడు.

వార్త తెచ్చేవాడి వేషం మా వీధి దర్జీది. కుర్రతనం నుంచీ నాన్న పక్కనే వేషాలు వేసినవాడు, మా అందరి దుస్తులూ కత్తిరించేవాడు. నాటకం మొదట్లో కూడా అతనే ముందుకొచ్చి, "రాజా, ఊరు నీ మాట కోసం చూస్తోంది" అనాలి. వెంటనే నాన్న ఆజ్ఞ ఎత్తుకోవాలి. ఆ రోజు "నా తమ్ముడైనా, నా బిడ్డైనా" దాకా వచ్చి ఆగాడు. ఏదో విరామం ఇస్తున్నాడనుకున్నాం. ఆ విరామం సాగుతూనే ఉంది. ఆయన కళ్ళు గాలిలో తేలే నూగును అనుసరిస్తున్నాయి.

మా బాబాయి పక్క తెర వెనక మాట అందించబోయి నోరు మూసుకున్నాడు. పగలు ఫ్యాన్లు బాగుచేసుకుంటూ, సాయంత్రాలు అన్నయ్య నాటకాలకు ప్రాంప్టింగ్ చేస్తూ బతికిన మనిషి. ఈసారి మాత్రం నాన్న ప్రాంప్టింగ్ వద్దన్నాడు. గ్రీకులకు లేని ఊతకర్ర మనకెందుకన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం, ఎదురు చెప్పేవాళ్ళెవరు?

నాన్న దర్జీ వైపు తిరిగాడు. "నువ్వు మాట ఆలస్యంగా వేశావు. నా ఊపు పోయింది."

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. అదే చోట ఆగడం, దర్జీ మీద విరుచుకుపడడం. చివరికొక సాయంత్రం నాన్న స్టేజి దిగి మా అందరి ముందూ నిలబడ్డాడు. వేషంలో లేడు, చేతిలో కత్తి లేదు, అయినా గొంతు రాజుదే.

"ఈ నాటకంలో మాట చెడగొడుతున్నవాడు మళ్ళీ ఈ స్టేజి ఎక్కడు. ఇన్నేళ్ళు నాతో నడిచినవాడైనా సరే. నా తమ్ముడైనా సరే. నేనైనా సరే."

ఆ చివరి మాట ఆయనకు ఎంతో నచ్చింది. ఇంకోసారి అన్నాడు.

గోడ దగ్గర కూర్చుని, గ్రీకు పద్ధతిలో మేమంతా తొడుక్కోబోయే మాస్కులకు కాగితం అంటిస్తున్న అమ్మ చెయ్యి జిగురులోనే ఆగిపోయింది. దర్జీ ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. "గురువుగారూ, ఆగింది నేను కా..." అంటూ అమ్మ వైపు చూశాడు. అమ్మ అతని వైపు చూడలేదు, జిగురు గిన్నెలోకి చూస్తోంది. అతను మిగతా మాట మింగేసి, "సరే, తప్పు నాదే," అన్నాడు. మెడలో టేపు సర్దుకుని, ఎవరికీ చెప్పకుండా తలుపు దాటిపోయాడు. అతని వేషం మర్నాటి నుంచి మందుల షాపు కాంపౌండరుకు వచ్చింది. కాంపౌండరు విషాద వార్త చెబుతుంటే మూడుపూటలా భోజనం తరవాత వేసుకోమన్నట్టుండేది.

ఆదివారం నాన్న కునుకు తీస్తుండగా అమ్మా, బాబాయీ, నేనూ పెరట్లో కూర్చున్నాం. తాడు మీద మాస్కులు ఆరుతున్నాయి, ఇంకా కళ్ళకు రంధ్రాలు తీయలేదు. అమ్మ పాత కాగితాలు చింపి, పిండి జిగురులో నానబెట్టి, మట్టి ముఖం మీద పొర మీద పొర వేస్తుంది. ఆరాక ఊడదీస్తే గట్టి చర్మంలా వస్తుంది.

"మొన్న పొద్దున్నే బూట్లు వేసుకుని బయల్దేరారు," అంది అమ్మ కాగితం చింపుతూనే. "ఎక్కడికండీ అంటే, పోస్టాఫీసుకి, పార్సిళ్ళు పేరుకుపోయుంటాయి అన్నారు. నవ్వించడానికి అంటున్నారేమో అనుకున్నా."

"అయితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం వదినా," అన్నాడు బాబాయి.

"ఏమని చెప్పి తీసుకెళ్ళను? నిన్నటిదాకా లోకంలో ఎవరికి ఏ డైలాగు తప్పినా ఎగతాళి చేసిన మనిషితో ఏమనను?"

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే నాన్న లేస్తాడని కాగితాలు చింపడం మొదలుపెట్టాను.

"నాటకం కానివ్వండి," అంది అమ్మ. "ఆయన ఇన్నాళ్ళూ కలగన్నది ఇదొక్కటే. అయ్యాక నేనే చెబుతా."

బాబాయి ఆరుతున్న మాస్కు ఒకటి తీసి మొహానికి పెట్టుకుని, లోపలినుంచి నాన్న ఆజ్ఞ మొదటి వాక్యం అన్నాడు. నేనూ అమ్మా ఇద్దరం ఇంట్లోకి చూశాం, నాన్న లేచాడేమోనని. అన్నదమ్ముల గొంతు ఒకటే. ఫోనులో అమ్మ కూడా పోల్చుకోలేదు. బాబాయి మాస్కు దించి మా మొహాలు చూశాడు. అతని ఆలోచన మాకప్పుడు అర్థమైంది.

బాబాయిది మామూలుగా నోట్లో నువ్వుగింజ నానని స్వభావం. ఆ ఒక్క రహస్యం మాత్రం కడుపులో దాచుకున్నాడు. నాన్నతో, "మాట అందించేపని ఎలాగూ లేదు కదా అన్నయ్యా, నన్ను గుంపులో పడెయ్యి," అన్నాడు. నాన్న సంతోషంగా ఒప్పుకుని రాజు వెనకే నిలబెట్టాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మ రాజు మాస్కును ఒళ్ళో పెట్టుకుని, చెవుల దగ్గర ఇంకో పొర వేసింది. ఎందుకే అంత మందం అని నాన్న అడిగితే, రాజు కదా, మందంగానే ఉండాలి అంది. నాన్న అది పొగడ్తే అనుకున్నాడు.

ఆ తరవాతి రోజులు నిజంగా కలలాగే గడిచాయి. మాస్కు తొడుక్కుంటే లోకం రెండు చిన్న రంధ్రాల్లోకి దూరిపోతుంది. ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది, పక్కన ఎవరున్నారో తెలియదు. లోపల మన గొంతు మనకే ఇంకెవరిదోలా, ఇంకెవరిదో మనదిలా వినిపిస్తుంది. ఊపిరి వెచ్చగా తిరిగొచ్చి మొహానికి తగులుతుంది. ఒకసారి తొడిగాక నాటకం అయ్యేదాకా తీయకూడదని నాన్న నియమం.

నాన్న ఆజ్ఞ ఎత్తుకునేవాడు. ఆగేవాడు. ఆయన ఆగిన చోటే బాబాయి అందుకునేవాడు. కింద కూర్చుంటే తేడా ఏమీ తెలిసేది కాదు, ఒకే రాజు ఒకే ఊపిరిలో చెబుతున్నట్టుండేది. రెండు మూడు వాక్యాలయ్యాక నాన్నే ఆ మాటల్లో కలిసిపోయి మళ్ళీ నడిపించేవాడు. తాను ఆగినట్టే ఆయనకు తెలియదు.

"చూశావా," అనేవాడు ఇంటికి నడుస్తూ, "ఆ దర్జీ పోగానే ఎలా కుదిరిందో. నేను ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు."

"అవును నాన్నా," అనేదాన్ని.

ఆయన అన్నం రెండోసారి వడ్డించుకునేవాడు. పాటలు కూనిరాగం తీసేవాడు. అమ్మను ఆటపట్టించేవాడు. మా ఇల్లు అంత సంతోషంగా ఉన్న రోజులు నాకు గుర్తులేవు. అది నిజం సంతోషమే, అందులో ఏ నటనా లేదు. ఆయన వరకు.

ఒక మధ్యాహ్నం మాత్రం నాన్న గుండీల కోసమని బయటికి వెళ్ళి ఎంతకీ రాలేదు. ఎండ నిప్పులు చెరుగుతోంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తుంటే వీధి మలుపులో ఇద్దరు కనిపించారు. దర్జీ నాన్న మోచెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు, తన గొడుగు మొత్తం నాన్న మీదికే వంచి. మా ఇల్లు కనిపించగానే అతను చెయ్యి వదిలి, నాన్నను ముందుకు పంపి, తాను గోడ చాటున ఆగిపోయాడు. నాన్న లోపలికి వచ్చి, "ఎవరో పుణ్యాత్ముడమ్మా, గొడుగు పట్టాడు," అన్నాడు.

నేను మలుపు దాకా పరిగెత్తాను. దర్జీ గొడుగు ముడుస్తున్నాడు.

"మూసేసిన షాపు ముందు నిలబడి ఉన్నారు," అన్నాడు. "నేను పట్టుకొచ్చానని చెప్పకమ్మా. ఆయనకు చిన్నతనంగా ఉంటుంది."

నాటకం ఇంకొద్ది రోజులుందనగా ఒకనాడు వేడి మరీ ఎక్కువైంది. రేకుల కింద ఉడికిపోతున్నాం. నాన్న ఆజ్ఞ ఎత్తుకున్నాడు. "నా తమ్ముడైనా, నా బిడ్డైనా" దగ్గర ఆగాడు. బాబాయి అందుకున్నాడు. ఎప్పటిలాగే సాగుతోంది. నేను గుంపు చివర నిలబడి ఉన్నాను, నా రెండు రంధ్రాల్లో నాన్న వీపూ, ఆయన మాస్కు వెనక ముడీ కనిపిస్తున్నాయి.

కంట్లోకి చెమట దిగిందో ఏమో, నాన్న రెండు చేతులూ ఎత్తి మాస్కు తీసేశాడు. మొహం తుడుచుకున్నాడు.

రాజు మాటలు ఆగలేదు.

బాబాయి అది గమనించలేదు. కళ్ళు కూడా మూసుకున్నాడేమో. "ఒంటరిగా పోవాలి. ఎవరూ వెంట నడవకూడదు," అంటున్నాడు. నాన్న మాస్కు చేతిలో పట్టుకుని మెల్లగా వెనక్కి తిరిగాడు. కాంపౌండరు కదల్లేదు. గోడ దగ్గర అమ్మ లేచి నిలబడింది. నాన్న ఆ మాటలను శ్రద్ధగా, దూరం నుంచి వచ్చిన కబురు వింటున్నట్టు, తల కొంచెం పక్కకు వంచి చివరిదాకా విన్నాడు. బాబాయి ముగించి, ఎవరూ అందుకోకపోయేసరికి, మాస్కు పైకెత్తి చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచిరా?" అన్నాడు నాన్న.

బాబాయి అమ్మ వైపు చూశాడు. అమ్మే చెప్పింది. "మాస్కులు వచ్చినప్పటి నుంచీనండీ."

"అంతకుముందు?"

"అంతకుముందు మీరే ఆగేవారు."

"దర్జీ?"

"అతని తప్పేం లేదు."

నాన్న తల ఊపాడు. చుట్టూ ఒకసారి చూశాడు, గుంపులో ఒక్కొక్కరి మీదా చూపు ఆనించి. మేమంతా మాస్కుల్లోనే ఉన్నాం. నాది తీయడానికి నాకు ధైర్యం చాలలేదు. తరవాత ఆయన బాబాయి దగ్గరికి వెళ్ళి తన మాస్కు అతని చేతిలో పెట్టాడు.

"బాగా చెబుతున్నావు," అన్నాడు. "'పొద్దు' దగ్గర కాస్త ఆగు. పరిగెత్తకు. అది వాడి చివరి పొద్దు."

మెట్ల దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్క మెట్టూ చూసుకుంటూ స్టేజి దిగిపోయాడు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని దర్జీ దగ్గరికి వెళ్ళాడు. దర్జీ పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని ఒక కోటుకు చేతులు అతుకుతున్నాడు. మమ్మల్ని చూసి సూదులన్నీ అరచేతిలోకి తీసుకుని లేచి నిలబడ్డాడు.

"రేపటినుంచి నువ్వు రా," అన్నాడు నాన్న. "నేను రాను. స్టేజి ఎక్కను."

"అదేం మాట గురువుగారూ. కోపంలో వంద అనుకుంటాం. నాటకంలో మాట నాటకంలోనే పోతుంది."

"నాటకంలో అన్నదైతే నువ్వన్నట్టు పోయేదే. నేను కింద నిలబడి అన్నాను. మొహానికి ఏమీ లేకుండా అన్నాను," అన్నాడు నాన్న. "నిన్ను పొమ్మన్నప్పుడు చెల్లిన మాట, నా దగ్గరికొచ్చేసరికి చెల్లదా?"

దర్జీ స్టూలు తుడిచి ముందుకు జరిపాడు. నాన్న కూర్చుని, అక్కడున్న గుడ్డముక్క ఒకటి తీసి మడతపెడుతూ, విప్పుతూ ఉండిపోయాడు. కాసేపటికి, "ఆ రోజు గొడుగు పట్టింది నువ్వే కదూ?" అన్నాడు.

"ఏ రోజు?" అన్నాడు దర్జీ. అంత మంచి నటన అతను స్టేజి మీద ఏనాడూ చేయలేదు.

అమ్మ చెప్పాల్సింది చెప్పింది, డాక్టరు చూడాల్సింది చూశాడు. ఈ మరుపు జబ్బు పెరిగేదే గానీ తగ్గేది కాదన్నాడు. నాన్న రోజూ గోదాముకు వచ్చేవాడు. స్టేజి కిందే కుర్చీ వేసుకునేవాడు. బాబాయి రాజు వేషం వేస్తుంటే ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ తల తిప్పాలో చేతితో చూపించేవాడు. మాటలు పోతున్నా వాటి మధ్య ఖాళీలు మాత్రం ఆయనకు బాగా గుర్తున్నాయి. నాన్నా, పైకి రా, ఒక్కసారి చేసి చూపించు అని నేను బతిమాలితే, "ఎక్కనన్నాను కదమ్మా," అనేవాడు. చివరి రోజుల్లో ఎందుకు ఎక్కనన్నాడో ఆయనకు గుర్తు లేదనుకుంటా. ఎక్కనన్న సంగతి మాత్రం మరిచిపోలేదు.

నాటకం రోజు గోదాము నిండిపోయింది. పోస్టాఫీసు వాళ్ళందరూ వచ్చారు. కూరగాయలావిడ శుభ్రమైన బట్టలు కట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. ఆమె పక్కనే, నడిచే దారి అంచున, నాన్న. అమ్మ ఆయన చొక్కా మెడ సర్ది తెర పక్కకు వచ్చింది.

గుంపులో నిలబడితే నా రెండు రంధ్రాలకూ నాన్న మొహమే ఎదురొచ్చింది. ఇంక నాటకమంతా నేను చూసింది అదే. ఆయన ఆ కథ మొదటిసారి వింటున్నవాడిలా వింటున్నాడు. రాజు ఆజ్ఞ ఇస్తుంటే మెచ్చుకోలుగా తల ఊపాడు. దర్జీ వార్త తేవడానికి వచ్చినప్పుడు ముందుకు వంగాడు. వద్దు, చెప్పకు అన్నట్టు చెయ్యి కొంచెం లేచింది. చెప్పాక ఆ చెయ్యి ఒళ్ళో పడిపోయింది. చెంపల మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. నేను మాస్కులో ఏడ్చాను. కాగితం మెత్తబడి బుగ్గకు అంటుకుంది.

రాజు కిరీటం తీసి కింద పెట్టాడు. కాంపౌండరు పడమటి తలుపు రెక్కలు రెండూ తెరిచాడు. ఎర్రటి పొద్దు గోదాములోకి పొడవుగా వచ్చి పడింది. ఆ వెలుగులో పత్తి నూగు ఒక్కసారిగా లేచి, గోదామంతా నీళ్ళలో మునిగినట్టు మెల్లగా ఊగింది. మెట్లు దిగి బాబాయి జనం మధ్యలోకి నడిచాడు, ఒంటరిగా, నాన్న నేర్పిన అడుగులతో.

ముందు వరుస దగ్గరికి వచ్చేసరికి నాన్న లేచి నిలబడ్డాడు.

అమ్మ తెర పక్క నుంచి ఒక అడుగు వేసి ఆగింది. మేం గుంపులో బిగుసుకుపోయాం. నాన్న దారిలోకి వచ్చి, రాజు మోచెయ్యి పట్టుకున్నాడు. ఎండలో ఆయన్ను దర్జీ పట్టుకున్నట్టే పట్టుకున్నాడు. బాబాయి అడుగు తడబడింది. ఆ తరవాత ఇద్దరూ కలిసి నడిచారు. ఒకే నడక, ఒకే వంగిన భుజాలు. ఆ వెలుగులో వెనక నుంచి చూస్తే ఇద్దరిలో రాజు ఎవరో నాకే తెలియలేదు. తలుపు దాటి పొద్దులో కలిసిపోయారు.

జనం చప్పట్లు కొట్టారు. అదంతా నాటకంలోదే అనుకున్నారు. కూరగాయలావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "రాజుగారు భలే రాశారు," అంది.

నేను మాస్కు తీసి బయటికి పరిగెత్తాను. లారీలు ఆగే అరుగు మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. బాబాయి మాస్కు మోకాళ్ళ మీద పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. నాన్న అతని వీపు నిమురుతున్నాడు.

"ఎందుకు లేచావు నాన్నా?" అన్నాను పక్కన కూర్చుని. "వెంట ఎవరూ నడవకూడదని నువ్వే రాశావు కదా."

నాన్న నా వైపు ఆశ్చర్యంగా చూశాడు. "నేను రాశానా?"

"నువ్వే."

పొద్దు ఇంచుమించు గూకిపోయింది, ఆయన మొహం మీద కొంచెమే మిగిలింది.

"అయితే తప్పు రాశానమ్మా," అన్నాడు. "పాపం, ఒక్కడే ఎలా పోతాడు?"

ఇంటికి బయల్దేరాం. మా వీధి మలుపు దగ్గర నాన్న ఆగి, ఎటు అన్నట్టు చూశాడు. బాబాయి ఒక చెయ్యి పట్టుకున్నాడు, నేను ఇంకొకటి పట్టుకున్నాను. వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూశాను. అమ్మ, దర్జీ, కాంపౌండరు, గుంపులో మిగిలినవాళ్ళు అందరూ స్టేజి దిగి, మాస్కులు చంకలో పెట్టుకుని మా వెంట వస్తున్నారు.